మాయ జబ్బు, మంత్రం మందు: ఓ పాత ఇంగ్లీషు చేను కథ

ఎకరం, అరెకరం అని రోజూ అంటుంటాం కదా. ఆ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది. అక్కడ దాని పాత రూపం ఆకెర్, అంటే చేను. ఆ చేనుకే వైద్యం చెప్పే మంత్రం ఒకటి పాత ఇంగ్లీషులో ఉంది, పేరు ఆకెర్‌బోట్. బోట్ అంటే చికిత్స. 11వ శతాబ్దపు చేతిరాత ప్రతిలో మనకు దక్కింది, ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మొదట్లోనే జబ్బేమిటో చెప్పేస్తుంది: పంట సరిగ్గా ఎదగకపోయినా, మంత్రగాడెవడో చేతబడి చేసినా ఇదిగో మందు, అని. గమనించండి, ఇక్కడ మాయ అన్నది జబ్బు పేరు. విరుగుడును మాత్రం మాయ అనదు, చికిత్స అంటుంది. ఆ కాలపు సాహిత్యంలో మంత్రాల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ తేడా పట్టుకోవాలి.

ఇక పద్ధతి. తెల్లవారకముందే పొలం నాలుగు వైపులా గడ్డితో సహా నాలుగు మట్టి పెళ్లలు తియ్యాలి, ఏది ఎలా ఉండేదో గుర్తు పెట్టుకోవాలి. నూనె, తేనె, ఈస్ట్, ఆ నేలమీది పశువులన్నిటి పాలు, గట్టి చెట్లు తప్ప అక్కడ పెరిగిన ప్రతి చెట్టు నుంచీ కొంచెం, పేరున్న మూలికల్లో ఒక్కటి తప్ప అన్నిటి నుంచీ కొంచెం తేవాలి. వాటి మీద పవిత్ర జలం పోసి, పెళ్లల అడుగున మూడు చుక్కలు వెయ్యాలి. పచ్చగా ఉన్న పైభాగాన కాదు, వేళ్లున్న అడుగున.

తర్వాత వాటిని చర్చికి మోసుకెళ్లాలి. పచ్చిక బలిపీఠం వైపు ఉండేలా పెడితే పాదిరి నాలుగు పూజలు చేస్తాడు. పొద్దుగుంకేలోపు తిరిగి తెచ్చి, గుంతల్లో కర్ర సిలువలు పెట్టి, పైన పెళ్లలు సర్దాలి. తూర్పుకు తిరిగి తొమ్మిదిసార్లు వంగి దండం పెట్టాలి. భిక్షగాళ్ల దగ్గర తెలియని విత్తనం తీసుకుని, తీసుకున్నదానికి రెండింతలు ఇవ్వాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే: చేను పండాలంటే ముందు లేనివాడి చెయ్యి నిండాలి.

నాగలి దూలానికి బెజ్జం వేసి సాంబ్రాణి, సోంపు, మంత్రించిన సబ్బు, ఉప్పు కూరాలి. అప్పుడు వస్తుంది పద్యం: "ఎర్చె, ఎర్చె, ఎర్చె, భూమికి తల్లీ!" చాలామంది పొరబడేది ఇక్కడే. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఈ ఎర్చెను పాత దేవత అనుకున్నాడు. కానీ ఆ పేరుతో దేవత ఉన్నట్టు పాత ఇంగ్లీషులో ఇంకెక్కడా ఆధారం లేదు. పైగా తర్వాతి పాదం చదవండి: "సర్వశక్తిమంతుడైన ప్రభువు నీకు పండే పొలాలనిచ్చుగాక." వరమిచ్చేది ఆ తల్లి కాదు, ఆ తల్లి పుచ్చుకుంటోంది. చుట్టూ ఉన్న వచనాన్ని వదిలేసి పద్యం ఒక్కటే చదివితే చర్చి మాయమైపోతుంది, చేతిలో దేవత పేరొకటి మిగులుతుంది.

మొదటి చాలు దున్నేటప్పుడు చెప్పే పాదం వినండి: "హాల్ వెస్ థూ, ఫోల్డె, ఫీరా మోదొర్." నేలా, నరుల తల్లీ, నీకు మేలు, అని అర్థం. ఫోల్డె దగ్గర పాదం విరుగుతుంది, ఆ ఫకారమే ఫీరాలో మళ్లీ పలుకుతుంది. మన యతికి దగ్గరి చుట్టం. నాగలి పట్టుకున్నవాడికి నోటికి రావాలంటే ఆ పట్టు ఉండాలి మరి.

చివరగా అన్ని రకాల పిండీ కలిపి, పాలూ పవిత్ర జలంతో పిసికి, అరచేతి వెడల్పున రొట్టె కాల్చి, ఆ మొదటి చాలు కింద పెట్టాలి. పరలోక ప్రార్థన మూడుసార్లు. అక్కడితో మంత్రం ముగుస్తుంది.