బ్యాంకు పని మీద

సభకు నమస్కారం. మనల్ని విడిచి వెళ్లిన మేడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

బ్యాంకులో పద్నాలుగేళ్లు పక్కపక్క కౌంటర్లలో కూర్చున్నాం మేమిద్దరం. ఆవిడ క్యాష్, నేను సేవింగ్స్. అప్పుడు మేడం అనే పిలిచేవాణ్ణి, ఈరోజూ అలాగే అంటాను.

ఆవిడ నోట్లు లెక్కపెడుతుంటే చూడముచ్చటగా ఉండేది. స్పాంజి డబ్బాలో బొటనవేలు ఒకసారి తడిపారంటే కట్ట పూర్తి కావలసిందే. చేతులు అలా ఆడుతూనే ఉండేవి, చెవి మాత్రం కిటికీ అవతలి మనిషి దగ్గరుండేది. రిటైరైన అయ్యవారు ఒకాయన రోజూ వచ్చి వంద రూపాయలు డ్రా చేసేవారు. ఒకేసారి వెయ్యి తీసుకోవచ్చు గదా అని నేను విసుక్కుంటే, "వంద కోసం రారు సార్ ఆయన. పొద్దున ఒకరితోనన్నా మాట్లాడాలని వస్తారు" అన్నారు మేడం. భార్య పోయాక ఆయనింట్లో ఇంకెవరూ లేరని ఆవిడకు తెలుసు. ఆయన పాస్‌బుక్కులో నాలుగేళ్లుగా ఎంట్రీలు వేస్తున్న నాకు తెలియదు.

2000-01లో ప్రభుత్వరంగ బ్యాంకులు వీఆర్‌ఎస్ పెట్టాయి, అంటే ముందే స్వచ్ఛందంగా రిటైరయ్యే పథకం. నలభై ఏళ్లు నిండినా చాలు, పదిహేనేళ్ల సర్వీసున్నా చాలు. దేశమంతటా లక్షమందికి పైగా తీసుకున్నారు. మా బ్రాంచిలో ఒకాయన ఆ డబ్బుతో ఇల్లు కట్టాడు, ఇంకొకాయన మందుల షాపు పెట్టాడు. నలభై మూడేళ్ల మేడం ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ ఎమ్మేలో చేరారు. నేను వాళ్లింటికి వెళ్లి గట్టిగానే మాట్లాడాను. బంగారంలాంటి ఉద్యోగం వదులుకుని, పెళ్లీడుకొస్తున్న కూతుర్ని పెట్టుకుని, ఈ వయసులో పుస్తకాల సంచీ ఏంటని. ఆవిడ అంతా విన్నారు, ఒక్కచోట కూడా అడ్డం రాలేదు. చివర్న కాఫీ ఇచ్చారు. కోపంగానే మెట్లు దిగాను గానీ, నా మాట అంతసేపు ఎవరూ వినలేదని వీధి మలుపు దాకా వచ్చాక తోచింది.

కార్ల్ రోజర్స్ అంటే ఆవిడకు గురుభావం. ఆ అమెరికా ఆయన మొదట చర్చి గురువు కావాలని న్యూయార్క్‌లో చేరి, రెండేళ్లకు దారి మార్చుకుని సైకాలజీకి వచ్చినవాడు. మన దగ్గరికి వచ్చిన మనిషికి తన దారి తెలిసే సత్తా లోపలే ఉంటుంది, మనం తీర్పు చెప్పకుండా తోడు కూర్చోవాలి అన్నది ఆయన బోధ సారం. మేడం దాన్ని అక్షరాలా పాటించారు. సలహా అడిగినవాళ్లకు సలహా దొరికేది కాదు. కొంతమంది ఈ మాత్రం దానికి ఫీజెందుకని మానేశారు కూడా.

బాలాజీ కాలనీ వెనక సందులో ముందుగది ఖాళీ చేసి కౌన్సెలింగ్ మొదలుపెట్టిన కొత్తలో, ఆ మాటతోనే ఆవిడకు పెద్ద చిక్కొచ్చింది. మన పేపర్లలో రౌడీషీటర్లకు పోలీసులిచ్చేది కౌన్సెలింగ్, ఎంసెట్ సీట్లు పంచేది కౌన్సెలింగ్. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక తల్లి ర్యాంకు కార్డు చేతిలో పెట్టి, "మా పిలకాయకు యాడన్నా సీటు చూడమ్మా" అంది. మేడం ఆమెను కూర్చోబెట్టి, ఆ పిల్ల సంగతులు గంటసేపు మాట్లాడించి పంపారు. వారం తర్వాత ఆ తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి కార్డు తేలేదు.

ఆ గదిని మీలో చూసినవాళ్లున్నారు. గోడగడియారం మనకు వెనకాల ఉండేది, టైము చూస్తున్నారని మనకు తెలియకుండా. టేబుల్ మీద ఉతికిన చేతిరుమాళ్లు, పదేసి చొప్పున మడిచి, నోట్ల కట్టల్లాగే. వింటున్నంతసేపూ బొటనవేలు చూపుడువేలి మీద లెక్కపెడుతున్నట్టు కదిలేది. ఆ వేలు ఆగిందంటే మనం చెప్పాల్సిన అసలు మాట దగ్గరికి వచ్చేశామని అర్థం.

వాకిట్లో బోర్డు లేదు. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్లలో నూటికి డెబ్భై నుంచి తొంభై రెండు మందికి వైద్యం అందడం లేదని తేలింది. మన ఊళ్లలో సగం అడ్డు సిగ్గే. మనల్ని చూసినవాళ్లు ఏమనుకుంటారో అని. అందుకని మేడం దగ్గరికి వచ్చేవాళ్లు ఎదురింటివాళ్లు అడిగితే "బ్యాంకు పని మీద" అనేవాళ్లు. ఆవిడ పాత ఉద్యోగం అందరికీ తెలుసు, నమ్మేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో గానీ అదే వాడుకైపోయింది.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ల మీద 309 సెక్షన్ కింద కేసు పెట్టే రోజులు కూడా ఆవిడ చూశారు. ఆ భయంతో కన్నవాళ్లే బిడ్డ బాధను దాచేవాళ్లు. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2018 మేలో అది అమల్లోకి వచ్చిన రోజు మేడం నాకు ఫోన్ చేసి 115వ సెక్షన్ మొత్తం చదివి వినిపించారు. గొంతు వణికింది. 2022లో మానసిక బాధల్లో ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ వచ్చాక దాని 14416 నంబరు కాగితాల మీద రాసి, వచ్చిన ప్రతివాళ్ల చేతిలో పెట్టేవాళ్లు, రాత్రిపూట తను అందకపోతే అని. మందులు అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరికే పంపేవారు. మాత్రలు మానమని ఏనాడూ అనలేదు.

నేనూ వెళ్లాను బ్యాంకు పని మీద. 2009లో మా చిన్నవాడు ఇంటర్ తప్పి మాట మానేశాడు. వాణ్ణి లోపల కూర్చోబెట్టి నన్ను వరండాలో ఉంచారు. నాలుగు వారాల తర్వాత నన్ను పిలిచి ఒక్కటే అడిగారు: "సార్, వారం రోజులు మీవాణ్ణి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఉండగలరా?" ఇంతేనా అనుకున్నాను. ఆ రాత్రి సంగటి ముందు కూర్చుని నోరు తెరిస్తే, నాకు ప్రశ్న తప్ప మాటే రాలేదు. తిన్నావా, చదివావా, ఎక్కడికెళ్లావ్, ఎందుకు లేటు. కన్నకొడుకుతో పదిహేడేళ్లుగా నేను మాట్లాడింది అంతా అదే. ఊరిబిండి గిన్నె వాడివైపు జరిపి ఊరుకున్నాను. ఆరో రోజు వాడే అన్నాడు, "నాన్నా, అలిపిరి దాకా నడిచొద్దామా" అని.

మొన్న పదకొండో రోజున ఆ సందు పట్టలేదు. ఒకరికొకరు తెలియని జనం. లారీ డ్రైవరు, కాలేజీ పిల్లలు, పట్టుచీరలో ఒక పెద్దావిడ. వాళ్లమ్మాయి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను "అమ్మ మీకెలా తెలుసండీ" అని అడుగుతోంది. ఒకాయన తల దించుకుని "బ్యాంకు పని మీద వచ్చేవాణ్ణమ్మా" అన్నాడు. వెనకనున్న పెద్దావిడ అతని ముఖంలోకి చూసి, "నేనూ అంతే నాయనా" అంది.