ట్రయాంగిల్‌లో వ్యాపారం: కేరీ దాటి చూస్తే

నమస్కారం అండి. నార్త్ కరోలినాలో ట్రయాంగిల్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేవి కేరీలో వెంకటేశ్వర స్వామి గుడి, మోరిస్‌విల్‌లో ఇళ్ల ధరలు, సాయంత్రం అయిదయితే ఐ-40 మీద ట్రాఫిక్. ఇవాళ వాటి జోలికి పోను. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ అనే మూడు ఊళ్ల చుట్టూ ఉన్న డజను కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఇక్కడ చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునే వాళ్లకి సాయం ఎవరు చేస్తారు, అది ఫ్రీగా దొరుకుతున్నా మనలో చాలామంది ఎందుకు వాడుకోవట్లేదు అన్నది చెప్తాను.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1950లలో ఈ రాష్ట్రం అమెరికాలోని బీద రాష్ట్రాల్లో ఒకటి. పొగాకు, నూలు మిల్లులు, చెక్క ఫర్నిచరు, ఇవే ఆధారం, మూడింట్లోనూ జీతాలు తక్కువే. డ్యూక్, యూఎన్‌సీ, ఎన్‌సీ స్టేట్ అని మూడు మంచి యూనివర్సిటీలు ముప్పై మైళ్ల లోపే ఉన్నాయి గానీ, వాటిలో చదివిన పిల్లలు డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాలకి వెళ్లిపోయేవాళ్లు. ఈ బాధ మనకి కొత్త కాదు, మన జిల్లాల్లో ఇప్పటికీ నడుస్తున్న కథే. అప్పుడు రోమియో గెస్ట్ అనే బిల్డింగ్ కాంట్రాక్టరు, ఈ మూడు యూనివర్సిటీల మధ్య పరిశోధన కంపెనీల కోసం ఒక పార్కు పెడదామన్నాడు. గవర్నర్ లూథర్ హాడ్జెస్ దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఆయన స్వయంగా మిల్లుల వ్యాపారం నుంచి వచ్చినవాడు, ఆ మిల్లులు ఎల్లకాలం అన్నం పెట్టవని తెలిసినవాడు.

మొదట్లో ఇది లాభం కోసం పెట్టిన వ్యవహారమే. కార్ల్ రాబిన్స్ అనే బట్టల వ్యాపారి డబ్బు పెట్టి పైన్ చెట్ల అడవిలో వేల ఎకరాలు కొనిపించాడు. వాటాలు అమ్ముదామంటే ఎవరూ ముందుకి రాలేదు. 1958లో గవర్నర్, వకోవియా బ్యాంకులో పెద్ద పదవిలో ఉన్న ఆర్చీ డేవిస్‌ని పిలిచి వాటాలు అమ్మిపెట్టమని అడిగాడు. డేవిస్ అడ్డంగా తల ఊపాడు. ఇది రాష్ట్రం బాగు కోసం అంటున్నప్పుడు లాభం పేరు చెప్పి డబ్బు ఎలా అడుగుతాం, చందాగా అడుగుదాం అన్నాడు. అలాగే ఊరూరా తిరిగి, కొద్ది నెలల్లోనే 14 లక్షల డాలర్లకి పైగా పోగు చేశాడు. ఆ డబ్బుతో రాబిన్స్ దగ్గరున్న భూమిని తీసుకుని లాభాపేక్ష లేని సంస్థ చేతిలో పెట్టారు. 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ అలా మొదలైంది. ఇవాళ అది దాదాపు 7,000 ఎకరాలు, కొంత డర్హమ్ కౌంటీలో, కొంత వేక్ కౌంటీలో ఉంటుంది. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఈ చందాల ఘట్టమే. అందులో లాభం ఆశించినవాడు ఎవడైనా ఉంటే, అయిదారేళ్లు ఖాళీగా పడి ఉన్న ఆ భూమిని చూసి ప్లాట్లు కోసి అమ్మేసుకునేవాడు.

నిజంగానే కొన్నేళ్లు ఏమీ కదల్లేదు. కెమ్‌స్ట్రాండ్ అనే కంపెనీ వచ్చింది, మైదానాల్లో పరిచే ప్లాస్టిక్ గడ్డి ఆస్ట్రోటర్ఫ్ అక్కడే పుట్టింది, అది తప్ప పెద్దగా చెప్పుకోవడానికి లేదు. 1965లో గానీ కథ మలుపు తిరగలేదు. ఆ ఏడాదే ఐబీఎం వస్తున్నానంది, పర్యావరణ ఆరోగ్యం మీద కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ కూడా ఇక్కడికే ఖరారైంది. తర్వాత వరస కట్టాయి. షాపులో ప్రతి ప్యాకెట్ మీదా కనిపించే నల్లగీతల బార్‌కోడ్ ఉంది చూశారూ, దాని రూపం ఇక్కడి ఐబీఎంలో జార్జ్ లారర్ గీసిందే, 1973లో అమెరికా కిరాణా వ్యాపారం దాన్ని ఒప్పుకుంది. 1970లో బరోస్ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ న్యూయార్క్ వైపు నుంచి మకాం మార్చుకుని వచ్చింది. ఎయిడ్స్‌కి మొట్టమొదటి మందు ఏజెడ్‌టీని 1987లో బయటికి తెచ్చింది వాళ్లే. ఆ కంపెనీలో పనిచేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకి 1988లో నోబెల్ వచ్చింది.

పెద్ద కంపెనీలు వచ్చాయి కాబట్టి ఊరు బాగుపడిందని చాలామంది అనుకుంటారు. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. పెద్ద కంపెనీ ఇవాళ వస్తుంది, రేపు ఇంకో కంపెనీలో కలిసిపోయి సగం మందిని ఇంటికి పంపిస్తుంది. ఈ ప్రాంతంలో అది ఎన్నిసార్లు జరిగిందో. కానీ ఆ మనుషులు ఊరు వదల్లేదు, పక్క వీధిలో ఇంకో కంపెనీ పెట్టారు, అసలు కీలకం అక్కడుంది. మన హైదరాబాదు మందుల పరిశ్రమ కథ తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఐడీపీఎల్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీ తర్వాత తర్వాత నీరసించిపోయింది గానీ, అందులో పని నేర్చుకున్న అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, ఆయన లాంటివాళ్లు ఇంకా ఎందరో. ఇక్కడా అదే. చాపెల్ హిల్‌లో స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ డెనిస్ గిల్లింగ్స్ 1982లో క్వింటైల్స్ పెట్టాడు, మందుల కంపెనీలకి క్లినికల్ ట్రయల్స్ చేసిపెట్టే వ్యాపారం. అదే ఇవాళ్టి ఐక్వియా, మన దేశంలో కూడా దాని ఉద్యోగులు బోలెడుమంది. ఎన్‌సీ స్టేట్‌లో వ్యవసాయ పరిశోధనల లెక్కలు చూడటానికి రాసుకున్న సాఫ్ట్‌వేర్ 1976లో శాస్ అనే కంపెనీ అయి కేరీలో స్థిరపడింది. రాలీలో పెరిగిన రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. డర్హమ్‌లో సెమీకండక్టర్లు చేసే వుల్ఫ్‌స్పీడ్ కూడా ఎన్‌సీ స్టేట్ వాళ్లు 1987లో పెట్టుకున్నదే. అది 2025లో దివాలా కోర్టు దాకా వెళ్లి వచ్చింది, ఆ సంగతి కూడా చెప్పకపోతే పిక్చర్ సగమే.

ఇప్పుడు డబ్బు ఎక్కువగా పారుతున్నది మందుల తయారీలోకి. ల్యాబులో కనిపెట్టడం కాదు, ఫ్యాక్టరీలో తయారు చేయడం. క్లేటన్‌లో నోవో నార్డిస్క్ 2024లో 410 కోట్ల డాలర్ల విస్తరణ ప్రకటించింది. హాలీ స్ప్రింగ్స్‌లో ఫుజీఫిల్మ్, ఆమ్‌జెన్ ఉన్నాయి, జెనెన్‌టెక్ కూడా వస్తోంది. ఇవన్నీ ఇక్కడికే ఎందుకు అని అడిగితే పన్నులు తక్కువనో రాయితీలనో జవాబు వస్తుంది. నిజమే, కంపెనీల ఆదాయం మీద రాష్ట్ర పన్నుని దశలవారీగా తగ్గిస్తూ 2030కి పూర్తిగా ఎత్తేయాలని చట్టమే ఉంది. కానీ పన్ను తగ్గించడం ఏ రాష్ట్రమైనా చేయగలదు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ల చదువులు చెప్పే ప్రభుత్వ కాలేజీ, దాని మాటేమిటి? కొత్త ఫ్యాక్టరీ వస్తుందంటే దానికి కావలసిన పనివాళ్లకి కాలేజీయే ట్రైనింగ్ ఇస్తుంది, ఖర్చు రాష్ట్రం భరిస్తుంది. ఇది 1950ల చివరి నుంచీ ఉన్న పద్ధతి. ఎన్‌సీ స్టేట్‌లో అయితే అసలైన స్టీలు ట్యాంకులు, పైపులతో మందుల ఫ్యాక్టరీ లాంటిదే ఒకటి కట్టి, అందులోనే పిల్లలకి పని నేర్పుతున్నారు. నాలుగేళ్ల డిగ్రీ లేనివాళ్లు కూడా ఈ దారిలో మంచి జీతాల్లో చేరుతున్నారు. మనవాళ్ల ఇళ్లల్లో మాత్రం కమ్యూనిటీ కాలేజీ అనగానే ముఖం ముడుచుకుంటారు, అదొక్కటి నాకు మింగుడుపడదు.

సరే, మన సంగతికి వద్దాం. మీరు ఒక కేటరింగో, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీయో, పచ్చళ్ల తయారీయో, డేకేరో పెట్టాలనుకుంటున్నారు. మామూలుగా ఏం చేస్తారు? వాట్సాప్ గ్రూపులో అడుగుతారు. పదిమంది పది రకాలుగా చెప్తారు, చివరికి ఎవరో ఒక కన్సల్టెంటుకి రెండు మూడు వేల డాలర్లు సమర్పించుకుంటారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, ప్రతి కాలేజీలోనూ స్మాల్ బిజినెస్ సెంటర్ అని ఉంటుంది. లైసెన్సులు, అకౌంట్లు, సేల్స్ ట్యాక్స్ ఎలా కట్టాలి, ఇవన్నీ క్లాసులు పెట్టి చెప్తారు, కూర్చోబెట్టి విడిగా కూడా మాట్లాడతారు, పైసా తీసుకోరు. వ్యాపారం కొంచెం పెద్దదైతే యూనివర్సిటీల తరఫున ఎస్‌బీటీడీసీ అని ఇంకో సంస్థ ఉంది, బ్యాంకు లోనుకి లెక్కలు సిద్ధం చేసుకోవడంలో వాళ్ల సలహా బాగా పనికొస్తుంది, అదీ ఉచితమే. రిటైరైన వ్యాపారస్తులు సలహాలిచ్చే స్కోర్ ఉంది. బయోటెక్ స్టార్టప్ అయితే రాష్ట్రం పెట్టిన నార్త్ కరోలినా బయోటెక్నాలజీ సెంటర్ తొలి దశలో లోన్లు కూడా ఇస్తుంది.

అప్పు విషయంలో డర్హమ్‌ది వేరే చరిత్ర. పెద్ద బ్యాంకులు నల్లవాళ్లకి అప్పు ఇవ్వని కాలంలో ఆ ఊరి పారిష్ వీధిలో వాళ్లే సొంతంగా ఇన్సూరెన్స్ కంపెనీ, బ్యాంకు పెట్టుకున్నారు. 1898లో నార్త్ కరోలినా మ్యూచువల్, తర్వాత పదేళ్లకి మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంక్, ఆ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. 1980లో అదే ఊళ్లో సెల్ఫ్-హెల్ప్ అనే సంస్థ మొదలైంది, పెద్ద బ్యాంకు తలుపు మూసేసిన చిన్న వ్యాపారికి అప్పు ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. క్రెడిట్ హిస్టరీ చిన్నదిగా ఉన్న వలస కుటుంబాలకి ఇలాంటి చోట్లు తెలిసి ఉండటం మంచిది.

ఒక హెచ్చరిక. హెచ్1 వీసా మీద ఉన్నవాళ్లు కంపెనీలో వాటా పెట్టుకోవడం వేరు, అందులో కూర్చుని పనిచేయడం వేరు. వర్క్ పర్మిట్ ఉన్న భార్య పేరు మీదో భర్త పేరు మీదో పెట్టేసి రాత్రిళ్లు మీరు నడిపిస్తే అది మీ వీసాకే ఎసరు. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, గ్రూపులో వచ్చిన ఫార్వర్డ్ చూసి అడుగేయకండి.

ఇక ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న. మనవాళ్లంతా కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్ లోనే చూస్తారు. అద్దెలు ఆకాశంలో ఉన్నా అక్కడే, ఎందుకంటే కస్టమర్లంతా అక్కడే. రెస్టారెంటుకి అది సరే. గోడౌను, ఫుడ్ ప్యాకింగ్, చిన్న తయారీ యూనిట్‌లకి ఆ అద్దె ఎందుకు కట్టాలి? డర్హమ్ నుంచి ఐ-85 మీద గంటలోపు వెళితే వ్యాన్స్ కౌంటీ, హెండర్సన్ ఊరు వస్తాయి. ఒకప్పుడు నూలు మిల్లులతో కళకళలాడింది, 2000ల మొదట్లో మిల్లులు మూతపడ్డాక ఇంకా తేరుకోలేదు. పక్కన వారెన్ కౌంటీ పరిస్థితీ అంతే. ట్రయాంగిల్ సంపద కథ చెప్పేవాళ్లు ఈ పేర్లు ఎత్తరు, ఎత్తితే మెరుపు తగ్గుతుంది కదా. ఆ రెండూ, గ్రాన్‌విల్, ఫ్రాంక్లిన్, మొత్తం నాలుగు కౌంటీలు కలిసి ట్రయాంగిల్ నార్త్ అని పారిశ్రామిక స్థలాలు సిద్ధం చేసుకున్నాయి. ఫ్యాక్టరీ ఎవరి హద్దులో వచ్చినా పన్ను ఆదాయం నలుగురూ పంచుకునేట్టు ఒప్పందం. మన దగ్గర రెండు పంచాయతీలు ఒక చెరువు చేపల వేలం పంచుకోవడానికే ఎన్ని తగాదాలో తెలిసినవాళ్లకి ఇది ఎంత కష్టమైన పనో అర్థమవుతుంది.

తూర్పున జాన్‌స్టన్ కౌంటీ, ఇంకా ఆ వైపు కౌంటీలు చిలగడదుంప పొలాలు. అమెరికాలో పండే చిలగడదుంపల్లో సగానికి పైగా ఈ రాష్ట్రానివే. షాపుల్లో నీటుగా పేర్చడానికి పనికిరాని, వంకర టింకర దుంపలు కుప్పలుగా మిగులుతాయి, వాటితో పిండి, చిప్స్, ప్యూరీ లాంటివి చేస్తారు. ఫుడ్ బిజినెస్ ఆలోచన ఉన్నవాళ్లు ఒకసారి అటు వెళ్లి చూడండి.

పడమర చాటమ్ కౌంటీ గురించి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. విన్‌ఫాస్ట్ కార్ల ఫ్యాక్టరీ అని 2022లో పెద్ద హడావుడి జరిగింది, 7,500 ఉద్యోగాలన్నారు, తర్వాత 2028కి వాయిదా వేశారు. ఇలాంటి ప్రకటన చూసి పక్కన హోటలు కోసమో అపార్టుమెంట్ల కోసమో స్థలం కొనేయకండి. గోడలు లేచాక కొన్నా మించిపోయేదేం లేదు.

ఆఖరుగా, పనికొచ్చే విషయం ఒకటి చెప్పి ముగిస్తాను. రాష్ట్ర కామర్స్ శాఖ ఏటా ఇక్కడి 100 కౌంటీలనీ మూడు శ్రేణులుగా విడదీస్తుంది. బాగా వెనకబడిన 40 కౌంటీలు మొదటి శ్రేణి, తర్వాత 40 రెండోది, బాగున్న 20 మూడోది. వెనకబడిన కౌంటీలో పెట్టే కంపెనీకి రాష్ట్రం గ్రాంట్లలో మెరుగైన షరతులు ఇస్తుంది. ఆ జాబితా ప్రతి ఏడాదీ మారుతుంది కాబట్టి స్థలం చూడబోయే ముందు ఆ ఏటి జాబితా చూసుకోండి, ఆ కౌంటీ ఆర్థికాభివృద్ధి ఆఫీసుకి ఫోన్ చేయండి. చిన్న కౌంటీల్లో ఆ ఆఫీసు అంటే ఇద్దరు ముగ్గురు మనుషులే, మీరు పదిమందికి ఉద్యోగం ఇస్తానన్నా వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉంటానండి, నమస్కారం.