పడమట సముద్రం, ఉత్తరాన సూర్యుడు

శ్రోతలకు నమస్కారం.

రాజమహేంద్రవరంలో నాతో కలిసి చదువుకున్న ఇద్దరు స్నేహితులు, తర్వాత ఒకరినొకరు పెళ్ళి చేసుకున్నవాళ్ళు, చిన్న కూతురిని వెంటబెట్టుకుని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. కిందటి డిసెంబరులో నేను వాళ్ళింట్లో మూడు వారాలు ఉండి వచ్చాను. వీసాల సంగతి, ఉద్యోగాల సంగతి ఈ రోజు చెప్పను. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను అక్కడి ఎండ గురించి, గాలి గురించి, నీళ్ళ గురించి చెబుతాను. అందులోనూ ముఖ్యంగా నీళ్ళ గురించి.

పెర్త్ ఎక్కడుందో ముందు ఒక్క మాట. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాల పేర్లు మనం తరచుగా వింటాం. అవన్నీ ఆస్ట్రేలియాకు తూర్పు వైపున ఉంటాయి. పెర్త్ మాత్రం పడమటి అంచున, హిందూ మహాసముద్రం ఒడ్డున, ఒంటరిగా ఉంటుంది. అక్కడి నుంచి మరో పెద్ద నగరం చూడాలంటే అడిలైడ్ వెళ్ళాలి. అది 2,000 కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దేశపు రాష్ట్ర రాజధానులలో ఎండ ఎక్కువగా కాసేది పెర్త్‌లోనే. మన విశాఖపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పెర్త్‌లో సముద్రంలోకి దిగుతాడు. మొదటి రోజు సాయంత్రం ఇసుకలో కూర్చుని ఆ దిగడం చూస్తుంటే, మన ఊరి నీళ్ళకు అవతలి గట్టు మీద కూర్చున్నట్టు అనిపించింది నాకు.

ఎండ సంగతి చెబుతాను. అద్దె ఇల్లు వెతికేటప్పుడు మా స్నేహితురాలు తూర్పు ముఖం ఇల్లు కావాలని అడిగిందట. ఇల్లు చూపించే ఆవిడ మాత్రం, “ఈ ఇంటి హాలు ఉత్తరం వైపు ఉంది, చూడండి” అని మళ్ళీ మళ్ళీ చెప్పిందట. ఉత్తరం వైపు ఉంటే అంత గొప్ప ఏమిటో వీళ్ళకు అర్థం కాలేదు. భూమధ్యరేఖకు దక్షిణాన అంత దూరం వెళ్ళాక, మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో మన ఇళ్ళలోకి దక్షిణం నుంచి వాలుగా ఎండ పడుతుంది కదా, అక్కడ జూన్, జూలై చలిలో ఉత్తరపు కిటికీలోంచి అలాగే పడుతుంది. దక్షిణం గదులు చల్లగా, చెమ్మగా ఉండిపోతాయి. మనకు ఉత్తరాయణ పుణ్యకాలం వచ్చేసరికి అక్కడ పగళ్ళు తగ్గడం మొదలై ఉంటుంది. మా స్నేహితురాలు బట్టలు ఆరేసే తీగను మొదట పెరట్లో దక్షిణం గోడ పక్కన కట్టింది. అది నీడ. దుప్పట్లు రెండు రోజులకు కూడా ఆరలేదు. నెల తిరిగేసరికి తీగ ఉత్తరం వైపుకు మారింది. ఆ తీగ మార్చిన రోజునే తనకు ఆ ఊరు కొద్దిగా సొంతమైనట్టు అనిపించిందని నాతో చెప్పింది.

ఎండలో ఇంకో సంగతి ఉంది. రెంటచింతల ఎండలు, విజయవాడ ఎండలు చూసినవాళ్ళం, మనకు ఎండ కొత్తా అనుకుంటాం. అక్కడి ఎండను వేడితో కొలవకూడదు. చల్లగాలి వీస్తున్న రోజున కూడా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి. వాతావరణ వార్తల్లో వాటికి ఒక సూచిక చెబుతారు. అది 3కు చేరితే ఒళ్ళు కప్పుకోవాలి. వేసవిలో అది 11 దాటడం పెర్త్‌లో మామూలు. “స్లిప్, స్లాప్” అంటూ మొదలయ్యే ఒక ప్రచారం 1981 నుంచి ఆ దేశంలో పిల్లలందరికీ వచ్చు. చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని దాని అర్థం. వీళ్ళ పాప బడిలో టోపీ లేని పిల్లలను మైదానంలోకి ఆటకు పంపరు. ఏడేళ్ళ ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి, “మామయ్యా, టోపీ!” అని నన్ను ఆపేది. ఆ ఊరికి ముందుగా అలవాటుపడింది ఆ పిల్లే. పెద్దవాళ్ళు తర్వాత.

ఇక గాలి. స్వాన్ నది సముద్రంలో కలిసే చోట ఫ్రీమాంటిల్ అనే రేవు పట్టణం ఉంది. వేసవి మధ్యాహ్నాలలో అటు నుంచి, నైరుతి దిక్కు నుంచి, చల్లని సముద్రపు గాలి వస్తుంది. దాన్ని ఊరంతా ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు. ఉదయమంతా తూర్పు నుంచి, లోపలి ఎడారి వైపు నుంచి, వడగాలి వీస్తుంది. అప్పుడు తలుపులు మూసుకుంటారు. మధ్యాహ్నం దాటాక “డాక్టరుగారు వచ్చారు” అంటూ తలుపులు తెరుస్తారు. అంత ప్రేమగా పిలుచుకునే గాలి మనకూ ఉంది. కోనసీమలో పైరగాలి పేరు చెబితే చాలు, ముఖాలు విచ్చుకుంటాయి.

నాకు చాలా నచ్చిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఆ నేల అసలు మనుషులు నూంగార్ ప్రజలు. తెల్లవాళ్ళు 1829లో అక్కడ వలస స్థాపించడానికి వేల ఏళ్ళ ముందు నుంచీ వాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళ లెక్కలో ఏడాదికి ఆరు ఋతువులు. బిరాక్, బునురు, జెరాన్, మాకురు, జిల్బా, కంబరాంగ్. ఒక్కొక్కటీ ఇంచుమించు రెండేసి నెలలు. వింటున్నారా, ఆరు ఋతువులు, రెండేసి నెలలు! అచ్చం మన లెక్కే. మాకురు అంటే జూన్, జూలై నెలల వాన, చలి. కంబరాంగ్ అంటే అక్టోబరు, నవంబరు నెలల పూలకాలం. వలస వచ్చినవాళ్ళు ఇంగ్లండు నుంచి నాలుగు ఋతువులను తెచ్చి ఆ నేలకు తొడిగారు. మా స్నేహితురాలు వంటగది గోడకు ఆ ఆరు ఋతువుల పటం అతికించుకుంది. వసంత, గ్రీష్మ, వర్ష అని చదువుకున్నవాళ్ళం, ఆ పటం మనకు సులువుగా పట్టుబడుతుంది.

ఇప్పుడు నీళ్ళు.

మా స్నేహితుడు గోదావరి మనిషి. కోటిలింగాల రేవులో వాళ్ళ తాతగారు అతనికి ఈత నేర్పారు. పదేళ్ళ వయసుకే ఏటి మధ్య దాకా వెళ్ళి వచ్చేవాడు. నేను అక్కడున్నప్పుడు ఒక ఆదివారం ఉదయం అందరం బీచ్‌కు వెళ్ళాం. ఇసుకలో రెండు జెండాలు పాతి ఉన్నాయి. సగం ఎరుపు, సగం పసుపు. ఆ రెండు జెండాల మధ్య నీళ్ళలో చాలామంది ఉన్నారు. అలలు అక్కడ తెల్లగా విరుగుతున్నాయి. అక్కడికి రెండు వందల అడుగులు అవతల, ఒకచోట అలలే లేవు. నీళ్ళు కాస్త ముదురు రంగులో, నున్నగా, ప్రశాంతంగా ఉన్నాయి. మనుషులూ లేరు. ఏటి ఒడ్డున పెరిగినవాడికి అలలు లేని చోటు కనబడితే రేవులాగే కనబడుతుంది. అతను అటు నడిచాడు.

“నాన్నా, జెండాల మధ్యకు రా” అని పాప అరిచింది. బడిలో ఈత తరగతుల్లో నేర్పారట. “నాకు ఈత వచ్చమ్మా” అన్నాడతను.

నడుము లోతు దాకా వెళ్ళాడు. తర్వాత కాళ్ళు నేలకు ఆనలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి మేము కూర్చున్న గొడుగు చిన్నదైపోయింది. ఒడ్డు వైపు ఈదడం మొదలుపెట్టాడు. బలంగా, తిన్నగా ఒడ్డుకే. “ఎంత ఈదినా ఆ గొడుగు దగ్గర కాలేదురా, ఇంకా దూరమైంది” అని తర్వాత నాతో అన్నాడు. నాలుగైదు నిమిషాలకు చేతులు బరువెక్కాయి. మాకు ఒడ్డు మీద ఏమీ తెలియలేదు. అతను హాయిగా ఈదుతున్నాడనే అనుకున్నాం. తెలిసింది పాపకు. ఆ పిల్ల మాతో ఒక్క మాట కూడా చెప్పకుండా లైఫ్‌గార్డు దగ్గరికి పరుగెత్తింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, ఒక అమ్మాయి, పొడుగాటి బోర్డు పట్టుకుని నీళ్ళలోకి దూకింది. అప్పటికి అతను ఒక చెయ్యి పైకెత్తాడు. ఆ అమ్మాయి అతన్ని బోర్డు మీదికి లాగి, ఒడ్డుకు తిన్నగా రాకుండా పక్కకు వెళ్ళి, అలలు విరిగే చోట వాటితో పాటే తోసుకుంటూ తీసుకొచ్చింది. అతను ఇసుకలో కూర్చుని అరగంట మాట్లాడలేదు. పాప చెయ్యి మాత్రం వదల్లేదు.

“ఈ రోజు ఈ ఒడ్డు మీద అన్నిటికంటే ప్రమాదమైన చోటు మీరు దిగిన చోటే” అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

దాన్ని రిప్ కరెంట్ అంటారు. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి వెళ్ళాలి కదా. ఇసుక తిన్నెల మధ్య లోతైన సందు దొరికితే, అవన్నీ ఆ సందులోంచి సముద్రంలోకి పరుగెడతాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. అందుకే నున్నగా కనబడుతుంది. ప్రశాంతంగా కనబడే చోటే లాగేసే చోటు. మళ్ళీ చెబుతున్నాను, ప్రశాంతంగా కనబడే చోటే లాగేసే చోటు. అది మనిషిని అడుగుకు లాగదు, దూరానికి లాగుతుంది. అలలు విరిగే గీత దాటాక దాని బలం తగ్గిపోతుంది. మనిషిని ముంచేది చాలావరకు దానికి ఎదురీదిన అలసట, భయం.

ఆ రాత్రి అన్నాల దగ్గర అతను ఒక మాట అన్నాడు. వరద గోదావరిలో చిక్కుకుంటే ఎదురీదవద్దు, ప్రవాహంతో పోతూ ఏటవాలుగా ఒడ్డుకు చేరుకోమని తాతగారు చెప్పేవారట. “ఆ మాట నాకు గుర్తుంది. కానీ సముద్రంలో ఏరు ఉంటుందని నాకు తెలియదు” అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అది సముద్రంలో పారే ఏరే.

ఈతగాళ్ళకు ఈ భయం లేదనుకోవద్దు. 1967 డిసెంబరు 17న ఆస్ట్రేలియా ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ విక్టోరియా రాష్ట్రంలో షెవియట్ బీచ్ దగ్గర ఈతకు దిగి మళ్ళీ కనబడలేదు. ఆయన సముద్రపు ఈత బాగా తెలిసినవాడు. దేహం కూడా దొరకలేదు. మన విశాఖ ఆర్కే బీచ్‌లోనూ ఇలాంటి ప్రవాహాలే ఉన్నాయి. ఎన్ని ఇళ్ళలో ఆ దుఃఖం ఉందో మనకు తెలుసు.

అందుకే ఈ ఒక్క సంగతి కోసం మిగతావన్నీ పక్కన పెట్టాను. ఆస్ట్రేలియాలో ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్ళలోకి దిగాలి. లైఫ్‌గార్డులు రోజూ నీళ్ళను చూసి ఆ జెండాలు పాతుతారు. నీళ్ళు మారితే జెండాలూ మారుస్తారు. నిన్న ఉన్న చోట ఈ రోజు ఉండకపోవచ్చు. జెండాలు లేకపోతే దిగవద్దు. ఎంత ఈత వచ్చినా దిగవద్దు. ఒకవేళ లాగేస్తే ఎదురీదవద్దు. వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి సాయం కోరాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరిగే వైపు ఈదాలి. ఇంకొకరు కొట్టుకుపోతుంటే మీరు దూకవద్దు. లైఫ్‌గార్డును పిలవండి, ఫోనులో మూడు సున్నాలు నొక్కండి, తేలే వస్తువు ఏదైనా ఉంటే విసరండి.

పిల్లలను ఆ దేశానికి చదువుకు పంపేటప్పుడు మనం పచ్చళ్ళు కడతాం, పొడులు కడతాం, వంద జాగ్రత్తలు చెబుతాం. నీళ్ళ మాట చెప్పం. మనకే తెలియదు కాబట్టి చెప్పం. అక్కడ చదువులు మొదలయ్యేది ఫిబ్రవరి చివర, అంటే మంచి ఎండాకాలం. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి సెలవు రోజునే స్నేహితులతో బీచ్‌కు వెళతారు. మా స్నేహితుడు ఇప్పుడు, కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు ఎవరు పరిచయమైనా, వాళ్ళను ముందు బీచ్‌కు తీసుకువెళ్ళి, నీళ్ళలోకి దిగనివ్వకుండా, పైనున్న మెట్ల మీద నిలబెట్టి ఆ ముదురు రంగు చారను చూపిస్తున్నాడు. పక్కన పాప కూడా ఉంటుంది. జెండాల సంగతి ఆ పిల్లే చెబుతుంది.

మీ ఇంటి పిల్లలు ఎవరైనా పెర్త్‌లో ఉంటే, ఈ రాత్రి ఫోను చేసి జెండాల గురించి ఒక్కసారి అడగండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మనకు ఎనిమిదైతే వాళ్ళకు పదిన్నర. కాస్త పెందలాడే చేయండి.

నమస్కారం.