బాడీ సెకండ్ హ్యాండ్ చాలు, పైసలు లెన్స్ మీద పెట్టండి | పానగల్లు గుళ్లో మూడు లెన్సులతో టెస్ట్

నమస్తే. పొద్దున ఎనిమిదిన్నర అవుతోంది, నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం దగ్గర కూర్చుని మాట్లాడుతున్నా. చేతిలో ఉన్నది కెనాన్ 200డి, 2017లో వచ్చిన బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా), నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. సంచిలో మూడు లెన్సులున్నాయి: కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్ 1.8, ఇంకోటి బిస్కెట్ అంత పలుచగా ఉండే 24 ఎంఎం ఎఫ్ 2.8. ఎంఎం నంబర్ పెరిగిన కొద్దీ దూరంది దగ్గరగా కనబడుతుంది, ఎఫ్ నంబర్ తగ్గిన కొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది.

ఈ వీడియో మా చిన్నాయన కొడుకు వల్ల మొదలైంది. పోయిన నెల ఇంటికొచ్చి "అన్నా, యాభై వేలు జమ చేసిన, ఏ కెమెరా కొనాలె?" అన్నాడు. నేను "ఏం తీస్తవ్‌రా?" అంటే "అన్నీ తీస్త" అన్నాడు. అన్నీ తీసే కెమెరా యాభై వేలకు లేదు, అయిదు లక్షలకూ లేదు. అందుకే వాడికి నా బాడీకి కిట్ లెన్స్ పెట్టి ఇచ్చి, రెండు వారాలు నీకు నచ్చింది తీసుకొని రా, అప్పుడు చెప్తా అన్నా.

అసలు నేను ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, నేను మొదటి కెమెరా కొన్నప్పుడు నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు. షాపులో కొత్త బాడీ, రెండు లెన్సులు, బ్యాగు, ట్రైపాడ్, మెమరీ కార్డు అన్నీ కలిపి కాంబో అని ఇచ్చారు, చూడ్డానికి మస్తు సామాను. తర్వాతి నెలలోనే మా అక్క పెళ్లి. పగలంతా ఫోటోలు బాగానే వచ్చాయి. రాత్రి అప్పగింతల టైముకు ఫంక్షన్ హాల్‌లో సగం లైట్లు తీసేశారు, నేను కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేశా, అక్కడ అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు, చీకట్లో ఫోటోను వెలుతురుగా చేసే ఐఎస్ఓ 6400 పెట్టినా షట్టర్ వేగం 1/20 సెకను దాటలేదు. మా అమ్మ అక్కను పట్టుకొని ఏడుస్తున్న ఫోటో ఒక్కటే ఉంది, అందులో అమ్మ ముఖం కదిలిపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఆ రోజు నా దగ్గర ఒక్క ఫిఫ్టీ ఎంఎం ఉండి ఉంటే, దూరపు కొంగల కోసం ఇచ్చిన ఆ రెండో జూమ్ లేకపోయినా నాకు ఏమీ కాకపోవు.

సరే, ఇప్పుడు గుళ్లోకి పోదాం.

ఇది కందూరు చోడుల కాలపు గుడి, త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లు. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది, పొద్దంతా అక్కడే ఉంటుంది, సూర్యుడు ఎటు జరిగినా అది జరగదు. బయట మండపం స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురుతో ఆ నీడ ఏర్పడుతుంది. మాకు ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన వింత, కెమెరాకు మాత్రం గట్టి పరీక్ష, ఎందుకంటే లోపల చీకటి, బయట ఎండ. పూజారి గారిని అడిగి, ఫ్లాష్ వేయనని చెప్పి, పక్కన నిలబడి తీశా. మీరూ అడిగే తీయండి.

స్క్రీన్ మీద మొదటి ఫోటో చూడండి. కిట్ లెన్స్, 50 దగ్గర, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/15. నీడ శుభ్రంగా ఉంది, ఎందుకంటే నీడ కదలదు, లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది, నా చెయ్యి వణికినా అది చూసుకుంది. ఇక్కడి దాకా కిట్ లెన్స్‌కు పేరు పెట్టేది ఏమీ లేదు. రెండో ఫోటో అదే సెట్టింగ్, పూజారి గారు హారతి ఇస్తున్నారు. గోడ షార్ప్‌గా ఉంది, చెయ్యి పొగలా సాగిపోయింది. స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే లెన్సుల గురించి సగం గందరగోళం పోతుంది.

మూడో ఫోటో 50 ఎంఎం ఎఫ్ 1.8. ఐఎస్ఓ అదే 3200, షట్టర్ 1/125 దాటింది. హారతి చెయ్యి ఆగింది, వేళ్ల మీద మంట వెలుగు కూడా కనబడుతోంది. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8కి వస్తే లోపలికి వచ్చే వెలుతురు దగ్గర దగ్గర పది రెట్లు పెరుగుతుంది. పాత బాడీ తీసేసి కొత్త బాడీ కొంటే ఈ పది రెట్లు రాదు, అందుకే నేను పైసలు లెన్స్ మీద పెట్టమంటున్నా.

కానీ ఇక్కడ జర ఆగండి, అందరూ చెప్పినట్టు వెంటనే పోయి ఫిఫ్టీ కొనకండి. 200డి లాంటి బాడీలో ఉండేది చిన్న సెన్సర్ (వెలుతురును ఫోటోగా పట్టే చిప్). ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ 36 బై 24 ఎంఎం ఉంటే, దీనిది సుమారు 22 బై 15. దాంతో కెనాన్‌లో 1.6 రెట్లు, నైకాన్‌లో 1.5 రెట్లు దగ్గరకు లాగినట్టు కనబడుతుంది, అంటే ఫుల్ ఫ్రేమ్ మీద 80 ఎంఎం ఎట్లా కనబడుతుందో, ఈ బాడీ మీద ఫిఫ్టీ అట్లా కనబడుతుంది. గుళ్లో నేను గోడకు వీపు ఆనించి నిలబడ్డా, అయినా ఫ్రేమ్‌లో పూజారి గారు నడుము దాకానే వచ్చారు. వెనక్కి పోయే జాగా లేదు. మన ఊళ్లలో మైలపోలు తీసేటప్పుడు వాకిట్లో ముప్పై మంది ఆడవాళ్లు, చిన్న అర్రలో పెళ్లికూతురు, అక్కడ ఫిఫ్టీ పెడితే ఒక్కో ముఖం తప్ప ఏమీ రాదు. ముఖాలు మాత్రం అద్భుతంగా వస్తాయి, అది కాదనను.

మా తమ్ముడు రెండు వారాల తర్వాత 300కు పైగా ఫోటోలు తెచ్చాడు. ఇద్దరం కూర్చుని ఒక్కో ఫోటో డీటెయిల్స్ తెరిచి ఫోకల్ లెంగ్త్, అంటే ఎన్ని ఎంఎం దగ్గర తీశాడో చూసుకుంటూ కాగితం మీద గీతలు పెట్టాం. సగానికి పైగా 18 నుంచి 28 మధ్యే ఉన్నాయి. ఇంట్లో నాయనమ్మ, హోటల్‌లో చాయ్ పోసేటాయన, పోచంపల్లిలో మగ్గం ముందు కూర్చున్న వాళ్ల మేనత్త. వాడు మనుషుల దగ్గరకు పోయి, చుట్టూ ఉన్న ఇల్లు కూడా కనబడేట్టు తీస్తాడు. వాడికి కావాల్సింది 24 ఎంఎం ఎఫ్ 2.8. ఇది కిట్ లెన్స్ అదే చోట ఇచ్చే వెలుతురుకు రెట్టింపు ఇస్తుంది, పది రెట్లు కాదు, ఆ మాట దాచను, కానీ వాడు తీసే ఫోటో దీంట్లోనే పడుతుంది. మీరూ కొనే ముందు ఎవరి దగ్గరైనా కెమెరా అడిగి తెచ్చుకునో కిరాయికి తెచ్చుకునో ఇదే లెక్క చేయండి, కూర్చుని లెక్కేసేది ఒక రోజు పని, వేల రూపాయలు మిగులుతాయి.

మీ లెక్కలో ఎక్కువ ఫోటోలు 55 దగ్గరే ఆగిపోయి, ఇంకా దగ్గరకు రాలేదే అనిపిస్తే మీకు 55-250 కావాలి. ఉదయసముద్రం గట్టు మీద కొంగలను దాంతో తీశా, కెనాన్‌లో అది 400 ఎంఎంలా కనబడుతుంది, పగటి ఎండలో చాలు, ఫంక్షన్ హాల్‌కు మాత్రం తీసుకుపోకండి. పాలమూరు పిల్లలమర్రి లాంటి చెట్టు కింద నిలబడి ఊడలన్నీ ఒకే ఫ్రేమ్‌లో కావాలనుకునేవాళ్లకు 10-18 ఉంది. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు 18 దగ్గరే బాగుంటుంది, కాకపోతే తుంపర చాలా దూరం కొడుతుంది, 200డి లాంటి బాడీలకు నీటి నుంచి రక్షణ ఉండదు, లెన్స్ మార్చే పని అక్కడ అసలు పెట్టుకోకండి.

బాడీల సంగతి తొందరగా చెప్పేస్తా. కెనాన్ 1500డి ఫోటోలకు పరవాలేదు, కానీ వీడియోలు తీసేవాళ్లు దాన్ని వదిలేయండి, మైక్ పెట్టే జాగా లేదు, రికార్డ్ అవుతుండగా మనిషి కదిలితే ఫోకస్ దానంతట అది వెంబడి రాదు. 200డిలో రెండూ ఉన్నాయి. 200డి మార్క్ 2లో 4కె వీడియో కూడా ఉంది, కానీ పైన ఫ్లాష్ పెట్టే హాట్ షూ మధ్యలో ఉండాల్సిన పిన్ లేదు, కాబట్టి ఒకే పిన్‌తో పని చేసే చవక ఫ్లాషులు, దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్లు దాని మీద పని చేయవు. పెళ్లి ఫోటోలు తీయాలనుకునే తమ్ముళ్లు ఏ పాత బాడీ కొన్నా ముందు హాట్ షూ మధ్యలో ఆ గుండ్రటి చుక్క ఉందో లేదో కంటితో చూడండి.

నైకాన్ అయితే డి3500, డి5600 రెండింట్లో 24 మెగాపిక్సెల్సే, ఫోటో క్వాలిటీలో పెద్ద తేడా కనబడదు, మైక్ కావాలంటే డి5600. ఈ రెండు బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం 1.8డి చవకగా దొరుకుతుంది, అది వీటికి పెడితే ఆటో ఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. పేరు చివర "జి" ఉన్న 1.8జి తీసుకోండి, దాని మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది. డి7500 లాంటి వాటిలో మోటార్ లోపలే ఉంది, వాటికి పాతదైనా పని చేస్తుంది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) వచ్చేసింది కదా, ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ (ఇప్పటిదాకా చెప్పిన, అద్దం ఉండే కెమెరాలు) ఎందుకు అంటారు. నిజమే, కెనాన్, నైకాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ ఏదీ విడుదల చేయలేదు. యాభై వేల లోపు మంచి లెన్స్‌తో సహా కెమెరా చేతికి రావడానికి అదే కారణం, అందరూ పాతవి అమ్ముకుంటున్నారు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు 1987 నుంచి ఉన్నాయి, రేపు మీరు మిర్రర్‌లెస్‌కు మారినా అడాప్టర్ పెట్టి అవే వాడుకోవచ్చు. బాడీ పోయినా లెన్స్ మీ దగ్గరే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెంట తీసుకుపోండి. లెన్స్ వెనక నుంచి వెలుగు కొట్టి ముందు నుంచి చూడండి, సాలెగూడు దారాల్లా కనబడితే ఫంగస్, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. అపర్చర్ ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి జూమ్ చేయండి, నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము, అది తుడిపించుకోవచ్చు, ధర తగ్గించమని అడగండి. షట్టర్ కౌంట్, అంటే బాడీ ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు కొట్టిందో, నైకాన్‌లో ఫోటో ఫైల్‌లోనే దొరుకుతుంది, కెనాన్‌లో చాలా బాడీలకు కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ఈ స్థాయి బాడీలకు లక్ష క్లిక్కుల ఆయుష్షు అని లెక్క చెబుతారు, పెళ్లిళ్లలో తిరిగిన బాడీ అయితే అది తొందరగా నిండుతుంది. ఇంటికి తెచ్చాక వానాకాలంలో బీరువాలో బట్టల మధ్య పెట్టకండి, గాలి పోని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి.

మా తమ్ముడు చివరికి పాత 200డి, కిట్ లెన్స్, 24 ఎంఎం తీసుకున్నాడు, ఇంకా పైసలు మిగిలాయి. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది వాడు పోయిన ఆదివారం తీసిన ఫోటో, వాళ్ల నాయనమ్మ అర్రలో కూర్చుని బీడీలు చుడుతోంది, పక్కన కిటికీ వెలుతురు ఒక్కటే. చూడండి, ఫోకస్ కంటి మీద పడకుండా చేతిలోని ఆకు మీద పడింది, కెమెరా తనకు నచ్చిన పాయింట్ తీసుకుంది. తమ్ముడూ, నువ్వు ఈ వీడియో చూస్తున్నావు కాబట్టి చెప్తున్నా, మెనూలో ఫోకస్ పాయింట్‌ని ఆటో నుంచి సింగిల్‌కు మార్చి, ఆ పాయింట్‌ని నాయనమ్మ కంటి మీదకు జరిపి, రేపు పొద్దున అదే కిటికీ దగ్గర ఇంకోసారి తీసి నాకు పంపు.