వెడల్పు చక్రాలేసినంక బండి మాట ఎందుకు వినదు

అందరికీ నమస్కారం. తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఎనక నిలబడ్డ మెకానిక్ అన్నలు, జర ముంగటికి వచ్చి కూసోండ్రి, ఈ ముచ్చట సగం మీతోటే.

ముందుగాల నా బండి సంగతి చెప్త. 185 మి.మీ. వెడల్పు టైర్లతోటి వచ్చిన హ్యాచ్‌బ్యాక్ నాది, దానికి 205 టైర్లు, వెడల్పు అల్లాయ్‌లు ఏయించిన. చూస్తానికి మస్తుగున్నది, గని హన్మకొండ నుంచి హైదరాబాద్ దిక్కు పోతుంటే లారీలు నడిచి నడిచి గాడి పడ్డ చోటల్ల స్టీరింగ్ ఆ గాడిలకే గుంజుతుండె. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసుడు, చేయించిన, మిషన్ అన్నీ గ్రీన్ చూపిచ్చింది, కాగితం చేతిల పెట్టిన్రు, ఇగ అయిపోయింది అనుకున్న. కొన్ని వేల కిలోమీటర్లకు పంచర్ అయి చక్రం ఇప్పితే లోపలంచు తీగలు తేలి ఉన్నది, బయట నుంచి చూస్తే అదే టైరు కొత్తదాని లెక్కున్నది. 100 స్పీడ్‌ల అది పగిలితే ఏమయ్యేదో, ఆ రోజు బండ్ల నా పిల్లలు గూడ ఉన్నరు. అందుకే ఈ విషయం ఎక్కడ పిలిచినా పోయి చెప్తున్న.

మిషన్ అబద్ధం చెప్పలే. టో అంటే పైనుంచి చూస్తే చక్రం ముందంచు లోపలికో బయటికో తిరిగి ఉండుడు. బండి నిలబడ్డప్పుడు టో కరెక్టే ఉన్నది, నడిచేటప్పుడు మారుతున్నది. ఎట్లనో చూద్దాం.

మొదటిది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమధ్యకూ అది బండికి బిగిసే చోటుకూ ఉన్న దూరం, రిమ్ము లోపలి దిక్కు ఈటీ అని నెంబరేసి ఉంటది. 7 ఇంచుల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసి 8 ఇంచులు, ఈటీ 35 ఏసిన్రనుకోండి. ఒక ఇంచు పెరిగింది కాబట్టి దిక్కుకు 12.7 మి.మీ. పంచుకుంటది, దాని మీద ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి రిమ్ము మొత్తం 10 మి.మీ. బయటికి జరుగుతది, అంటే బయటంచు 22.7 మి.మీ. బయటికొచ్చింది, లోపలంచు 2.7 మి.మీ. మాత్రమే లోపలికి పోయింది. ఫెండర్‌కు రాస్తదా లేదా అని అందరూ చూస్తరు, అసలు చూడాల్సింది ఆ 10. స్టీరింగ్ తిప్పితే చక్రం ఒక గీత మీద తిరుగుతది, ఆ గీత నేలకు తాకే చోటుకూ టైరు నడిమధ్యకూ ఉన్న దూరం స్క్రబ్ రేడియస్, అది 10 మి.మీ. మారిపోయింది. గుంత తగిలినా బ్రేక్ కొట్టినా ఇప్పుడు రోడ్డుకు పొడుగు పాన దొరికినట్టు, ఆ జోరంతా చక్రాన్ని తిప్పే టై రాడ్ మీద, చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ మీద పడుతది. నా బండ్ల ఆ బుష్ చీలి ఉండె. నిలబడితే సక్కగ, నడిస్తే చక్రాలు బయటికి తెరుచుకునుడు.

ఇగ టో. దీన్ని చిన్నగ చూడకుండ్రి. 17 ఇంచుల రిమ్ము ముందంచుకూ ఎనకంచుకూ 1 మి.మీ. తేడా ఉంటే ఆ చక్రం తాను చూసే దిక్కు వేరు, బండి పోయే దిక్కు వేరు, కిలోమీటరుకు సుమారు 2.3 మీటర్లు అడ్డంగ ఈడ్చుకుంట పోతది. ఇక్కడ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్ల దాకా ఉంటది, అంటే 330 మీటర్ల పైన రబ్బరు రోడ్డు మీద గీకినట్టే, అదీ మే నెల ఎండలకు కాగిన తారు మీద.

క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగిన కోణం, దాని సంగతి గూడ వెడల్పుతోటే మారుతది. టైరు వెడల్పైతే నేలకు తాకే జాగ అంత పెరగదు, గాలి, బరువు అవే గదా, ఆ జాగ అడ్డంగ సాగి పొడుగు తగ్గుతది, గంతే. సాగిన జాగ కొంచెం వంగినా ఒక అంచు మీదికే బరువంతా పోతది, సన్న టైరుకు నడిచిన క్యాంబర్ దీనికి నడవకపోవచ్చు. మిషన్‌ల గ్రీన్ అనేది కంపెనీ చక్రాల కోసం పెట్టిన హద్దు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి, ముందు ఎనకల లెక్క. ముందు టైర్లు ముందుగాల జారితే బండి మూల తిరగక నేరుగ పోతది, ఎనకవి జారితే తోక తిరుగుతది. కంపెనీలు ఈ లెక్క ఎంత సూక్ష్మంగ చూస్తయో హోండా ఎస్2000 చూడండ్రి. 1999ల వచ్చినప్పుడు ముందు 205, ఎనక 225, తోక తొందరగ తిరుగుతదని దానికి పేరొచ్చింది. 2004 మోడల్‌కు ముందు 215, ఎనక 245 చేసిన్రు, ఎనక సస్పెన్షన్ గూడ మార్చిన్రు. పోర్షే 911ల ఇంజన్ ఎనక ఉంటది, బరువుల 60 శాతం దాకా ఆడనే, అందుకే ఎనక టైర్లు వెడల్పు. టయోటా జీటీ86కు నాలుగూ 215లే, అది కావాలని అట్ల చేసిందే. ఇసుంటి బండికి ఎనక మాత్రమే వెడల్పు పెడితే మూల తిరగనంటది, ఎస్2000కు నాలుగూ ఒకటే వెడల్పు పెడితే ముందు పట్టు పెరిగి తోక తేలికైతది, అందుకే అట్ల పెట్టినోళ్లు ముందు యాంటీ రోల్ బార్, అంటే మూలల బండి ఒరగకుండ పట్టే కడ్డీ, గట్టిది ఏసుకుంటరు. ఎనక కొంచెం టో ఇన్ ఇస్తే, అంటే చక్రాల ముందంచులు లోపలికి తిప్పితే, తోక కుదురుతది, ముందు క్యాంబర్ లోపలికి వంచితే ముందు పట్టు పెరుగుతది, గని ఒక్కసారి ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద నడిపి రాసుకోండ్రి.

అన్నలు, చేసేటప్పుడు ముందుగాల బుష్‌లు, బాల్ జాయింట్లు ఊపి చూడండ్రి, గాలి కొట్టండ్రి, డ్రైవరు కూసునే చోట ఆయనంత బరువు పెట్టండ్రి, ఎనక చక్రాలు కొలిచినంకనే ముందటికి రండ్రి, ఎనకవి వంకరుంటే స్టీరింగ్ ఎన్నటికీ నిటారుగ నిలబడదు. ముందు టో ఒక్కటే తిప్పి పైసలు తీసుకునుడు సరికాదు, కస్టమర్ అడగకపోయినా సరే. 80, 100 స్పీడ్‌ల వణుకొస్తే అలైన్‌మెంట్ దిక్కు పోకండ్రి, బ్యాలెన్సింగ్ చూడండ్రి, రిమ్ము నడిమి రంధ్రం చక్రం బిగించే హబ్‌కు సరిగ కూసున్నదా చూడండ్రి, లేకపోతే ఆ సందు నింపే హబ్ రింగ్ ఏయండ్రి. 100 కిలోమీటర్లు నడిచినంక నట్లు మల్ల బిగించాలె.

మిషన్ లేకపోయినా పురికొసతోటి టో కొలవొచ్చు, రేసింగోళ్లు ఇప్పటికీ కొలుస్తరు. నా బండి బయట సమానంగున్న గచ్చు మీద పెట్టిన, పురికొస, నాలుగు స్టాండ్లు, స్టీల్ స్కేలు తెచ్చిన. ఎండ ఎక్కకముందే రండ్రి, ఇద్దరు అటు దిక్కు కొస పట్టుకోండ్రి, ఎనక చక్రం నుంచి మొదలువెడ్దాం.