ఆ డబ్బు ఏ నిబంధన మీద ఆధారపడింది?

అందరికీ నమస్కారం. వ్యాపార సంస్థలకు సలహాలిచ్చే పని నుంచి కమ్యూనిటీ హౌసింగ్‌కో (తక్కువ ఆదాయం వాళ్లకు లాభాపేక్ష లేని సంస్థలు ఇళ్లు అద్దెకిచ్చే పని), యూనివర్సిటీ నిర్వహణకో మారదామనుకునే వాళ్ల కోసం ఈ మాటలు. చెప్పేదంతా ఆస్ట్రేలియా పద్ధతి. బ్యాలెన్స్ షీటు చదవడం, క్యాష్ ఫ్లో వేయడం మూడు చోట్లా ఒకటే. ఆదాయం లెక్క దగ్గరే పప్పులో కాలేస్తారు.

కమ్యూనిటీ హౌసింగ్‌లో అద్దె మామూలుగా కుటుంబ ఆదాయంలో 25 శాతం, దానికి తోడు వాళ్లకొచ్చే కామన్వెల్త్ రెంట్ అసిస్టెన్స్ (అద్దె కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) మొత్తం. ఒకాయనకు వారానికి 500 డాలర్లు వస్తున్నాయి, రెంట్ అసిస్టెన్స్ 80 అనుకోండి. అద్దె 125, 80 కలిపి 205. ఉద్యోగం దొరికి ఆదాయం 900 అయింది. 400 పెరిగింది కాబట్టి అద్దె 100 పెరుగుతుందని స్ప్రెడ్‌షీట్ అంటుంది. కానీ జీతం వల్ల సెంటర్‌లింక్ పేమెంట్ (ప్రభుత్వం ఇచ్చే సంక్షేమ భత్యం) ఆగితే రెంట్ అసిస్టెన్స్ కూడా పోతుంది. కొత్త అద్దె 225. పెరిగింది 20 డాలర్లే! ఇంకో తంటా ఏమిటంటే, అసలు రెంట్ అసిస్టెన్స్‌కి దరఖాస్తే పెట్టని వాళ్లుంటారు. ఇల్లు అప్పగించే రోజే పక్కన కూర్చుని ఆ దరఖాస్తు పూర్తి చేయించండి.

జీఎస్టీ దగ్గర ఇంతకన్నా పెద్ద గొయ్యి ఉంది. మామూలు ఇంటి అద్దెకు జీఎస్టీ ఉండదు, ఖర్చుల మీద కట్టిన జీఎస్టీ వెనక్కీ రాదు. గుర్తింపు పొందిన ఛారిటీ తన అద్దెను మార్కెట్ అద్దెలో 75 శాతం లోపు ఉంచితే మాత్రం, ప్లంబర్‌కీ పెయింటర్‌కీ కట్టిన జీఎస్టీని తిరిగి తెచ్చుకోవచ్చు. "అద్దె 80 శాతానికి పెంచండి" అనే సలహా కాగితం మీద లాభం. మరమ్మతుల బిల్లులు చేతికొచ్చాక ఆ లాభం ఎంత మిగులుతుందో లెక్క కట్టండి.

యూనివర్సిటీలో అన్నిటికీ కీలకం సెన్సస్ డేట్, అంటే విద్యార్థి ఫీజు ఖాయమయ్యే తేదీ. కోర్సు వ్యవధిలో 20 శాతం గడవకముందు దాన్ని పెట్టడానికి వీల్లేదు. ఆ రోజు దాటకముందే మానేసిన విద్యార్థికి ఫీజు పడదు, యూనివర్సిటీకీ రాదు. ట్యూటర్లను మాత్రం అంతకు చాలా ముందే తీసుకుంటారు. 400 మంది చేరారని 20 మందికో గ్రూపు చొప్పున 20 గ్రూపులు పెట్టారు. 40 మంది జారిపోతే 18 గ్రూపుల ఆదాయంతో 20 గ్రూపుల జీతాలివ్వాలి. మొదటే 18 గ్రూపులు పెట్టి, ఒక్కోదాంట్లో 22, 23 మందిని కూర్చోబెట్టండి. మొదట్లో కాస్త ఇరుకే, సెన్సస్ నాటికి సర్దుకుంటుంది.

రెండో వారంలో ఒక్కసారైనా లాగిన్ కాని వాళ్ల జాబితా తీసి ఫోన్లు చేయించండి; చదివే ఉద్దేశం లేకపోతే సెన్సస్ లోపే మానేయమని చెప్పించండి. దానివల్ల ఆదాయం తగ్గుతుందని ఫైనాన్స్ వాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి. సెన్సస్ దాటితే ఆ పిల్లలకు మిగిలేది ఫీజు అప్పు, దాని పక్కనే ఒక ఫెయిల్ మార్కు.