మేనేజర్‌ని మారిస్తే జట్టు మారుతుందా?

అందరికీ నమస్కారం.

మనలో పెద్దవాళ్లకు క్రికెట్ పిచ్చి, అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు బేస్‌బాల్ పిచ్చి. టీవీ ముందు కూర్చున్నాక మాత్రం ఇద్దరూ ఒకే మాట అంటారు: "మళ్లీ ఓడారు, ముందు వాణ్ని పీకేయాలి." క్రికెట్‌లో ఆ వాడు కెప్టెన్, బేస్‌బాల్‌లో మేనేజర్. ఇవాళ ఆ మేనేజర్ గురించి మాట్లాడతాను.

1988 ఏప్రిల్ 4న బాల్టిమోర్ ఓరియోల్స్ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మిల్వాకీ చేతిలో 12-0తో చిత్తయింది. ఆ తర్వాత వరసగా మరో అయిదు పోయాయి. ఏడో మ్యాచ్ నాటికి మేనేజర్ క్యాల్ రిప్కెన్ సీనియర్ ఉద్యోగం ఊడింది. సీజన్‌లో ఉండేది 162 మ్యాచ్‌లు, ఆయనకు దక్కినవి ఆరు. ఆ సంస్థలో ముప్ఫై ఏళ్లు ఊడిగం చేసిన మనిషి. కొడుకుల్లో ఇద్దరు, క్యాల్ జూనియర్, బిల్లీ, అదే జట్టులో ఆడుతున్నారు. నాన్నని తీసేశాక కూడా వాళ్లు అదే యూనిఫాం వేసుకుని మైదానంలోకి దిగాలి. ఆ ఇంట్లో ఆ రాత్రి భోజనాలు ఎలా జరిగాయో ఊహించుకోండి.

ఆయన స్థానంలో ఫ్రాంక్ రాబిన్సన్‌ని తెచ్చారు. సామాన్యుడు కాదు. ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాడు, 1975లో క్లీవ్‌లాండ్‌లో పగ్గాలు పట్టి మేజర్ లీగ్స్‌లో, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో, మొట్టమొదటి నల్లజాతి మేనేజర్ అయినవాడు. మరి ఏం జరిగింది? ఇంకో పదిహేను ఓడారు. మొత్తం 21. చివరికి ఏప్రిల్ 29న చికాగోలో 9-0తో గెలిచారు. తిరిగొచ్చాక బాల్టిమోర్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌కి యాభై వేల మందికి పైగా జనం వచ్చారు, జట్టు లెక్క ఒక గెలుపు, 23 ఓటములు ఉన్నప్పుడు! అభిమానం అంటే అదీ. ఆ సీజన్ 107 ఓటములతో ముగిసింది.

మరుసటి ఏడు అదే రాబిన్సన్, అదే బాల్టిమోర్, 87 గెలుపులు. ఆఖరి వారాంతం దాకా అగ్రస్థానం కోసం టొరాంటోతో పోటీలో నిలిచారు. లీగ్‌లో ఉత్తమ మేనేజర్ అవార్డు కూడా ఆయనకే వచ్చింది. ఆ 21 ఓటముల్లో పదిహేను ఈయన ఖాతాలోవే, అయినా వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. చలికాలంలో ఈయనేమీ కొత్త విద్య నేర్చుకుని రాలేదు. జట్టులోకి కుర్రాళ్లు వచ్చారు, ఫీల్డింగ్ చక్కబడింది, ఆట చివర్లో బంతి వేయడానికి గ్రెగ్ ఓల్సన్ అనే కొత్త పిచర్ దొరికాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. మన వాళ్లు పిండి కొద్దీ రొట్టె అంటారు. 1988లో పిండి లేదు, అంతే.

బేస్‌బాల్ అంతగా చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఈ మేనేజర్ సూటు వేసుకునే ఆఫీసు మేనేజర్ కాడు. ఆటగాళ్ల యూనిఫామే వేసుకుని డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, కూర్చుంటాడు. ఎవరు ఏ వరసలో బ్యాటింగ్‌కి వెళ్లాలి, పిచర్‌ని ఎప్పుడు మార్చాలి, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి, ఇవన్నీ ఆయన చేతిలోవి. ఆటగాళ్లని కొనడం, అమ్మడం మాత్రం ఆయన చేతిలో ఉండదు. అది జనరల్ మేనేజర్ పని, డబ్బు యజమానిది. టీవీలో ముఖం కనపడేది డగౌట్‌లో ఉన్నవాడిదే కాబట్టి తిట్లు కూడా అక్కడికే వెళతాయి.

ఇప్పుడు 2024కి రండి. చికాగో వైట్ సాక్స్ 41 గెలిచి 121 ఓడింది. ఆధునిక బేస్‌బాల్‌లో ఒకే సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడిన జట్టు ఇంకోటి లేదు. మొదటి 25 మ్యాచ్‌ల్లో గెలిచింది మూడే. వేసవిలో వరసగా 21 ఓడారు. ఆ వరస తెగిన రెండు రోజులకు, ఆగస్టు 8న, మేనేజర్ పెద్రో గ్రిఫోల్‌ని పంపించేశారు. అప్పటికి ఆయన లెక్క 28 గెలుపులు, 89 ఓటములు. మిగిలిన 45 మ్యాచ్‌లు గ్రేడీ సైజ్‌మోర్ చూసుకున్నాడు: 13 గెలుపులు, 32 ఓటములు. వందకు 24 గెలిచేవాళ్లు 29 గెలవడం మొదలుపెట్టారు. ఈ మాత్రానికి ఊరేగింపు ఎవరూ చెయ్యరు కదా.

బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ చెప్పిన లెక్క ఒకటుంది, పిల్లలు కూడా కాగితం మీద చేసుకోవచ్చు. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని తీసుకోండి. దానికి, ఎదుటి జట్లకు ఇచ్చిన పరుగుల వర్గాన్ని కలపండి. మొదటిదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు నూటికి ఎన్ని గెలవాల్సిందో దగ్గరగా తేలుతుంది. వైట్ సాక్స్ చేసినవి 507, ఇచ్చినవి 813. లెక్క కడితే 28 శాతం, అంటే 162లో 45 గెలుపులు. గెలిచినవి 41. దగ్గరి మ్యాచ్‌లు చేజార్చుకున్న పాపమంతా మేనేజర్ నెత్తినే వేసినా, అదృష్టం వాటా ఏమీ లేదనుకున్నా, తేడా నాలుగు మ్యాచ్‌లు. మిగతా ఓటములకు ఎవరు జవాబు చెప్పాలి? సీజన్ మొదలవకముందే, మార్చిలో, ముఖ్యమైన పిచర్ డిలన్ సీస్‌ని శాన్ డియేగోకి ఇచ్చేసింది గ్రిఫోల్ కాదు.

అలాగని గ్రిఫోల్‌ని నేను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. ఈ లెక్కలో ఒక లొసుగుంది. కుర్ర ఆటగాళ్లకు ఆట నేర్పలేకపోతే, ఫీల్డింగ్ కుదురుగా లేకపోతే, అవి కూడా ఇచ్చిన పరుగుల్లోనే కలిసిపోతాయి. వాటిలో మేనేజర్ వాటా ఎంతో ఏ సూత్రమూ విడదీసి చెప్పదు. అంతకుముందు ఏడాది ఆయన చేతిలోనే 101 ఓడారు. ఉద్యోగం పోవడం అన్యాయం అనను. 121 ఓటములకూ ఆయనే కారణం అంటే మాత్రం ఒప్పుకోను.

గెలుపోటముల పట్టీ ఒక్కటే చూస్తే ఎంత పొరపాటు పడతామో జో టోరీని అడగండి. మూడు జట్లకు మేనేజర్‌గా 894 గెలిచి 1003 ఓడాక న్యూయార్క్ యాంకీస్‌కి వచ్చాడు. పత్రిక ఒకటి "క్లూలెస్ జో" అని పతాక శీర్షిక పెట్టింది. అక్కడ అయిదేళ్లలో నాలుగు వరల్డ్ సిరీస్‌లు, అంటే సీజన్ చివర జరిగే ఫైనల్స్, గెలిచాడు. కోనీ మాక్ అనే మేనేజర్ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. 1914లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ని 99 గెలుపులతో నిలబెట్టి, పెద్ద ఆటగాళ్లు చేజారాక 1915లో 109 ఓడాడు. ఆయన ఉద్యోగం పోలేదు. ఎలా పోతుంది, జట్టులో వాటాదారు ఆయనే!

మేనేజర్ నిజంగా దొరికిపోయే సందర్భం కూడా ఒకటి చెప్పాలి. జీన్ మాక్ అని ఇంకొకాయన, పైన చెప్పిన మాక్‌కి చుట్టం కాదు. 1961లో ఆయన చేతిలో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ వరసగా 23 ఓడింది. యాజమాన్యం ఆయన్ని ముట్టుకోలేదు. జట్టులో సరుకు లేదని వాళ్లకు తెలుసు. మూడేళ్లు తిరిగేసరికి, 1964 సెప్టెంబర్‌లో, ఇంకా 12 మ్యాచ్‌లు ఉండగా ఫిల్లీస్ రెండో స్థానంలో ఉన్న జట్ల కంటే ఆరున్నర గేమ్‌ల ఆధిక్యంతో అగ్రస్థానంలో ఉంది.

సెప్టెంబర్ 21న సిన్సినాటీతో ఆట. ఆరో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, ఇంకా ఎవరికీ పరుగు రాలేదు. సిన్సినాటీ తరఫున బ్యాటింగ్ చేస్తున్నది మనం ఇందాక చెప్పుకున్న ఫ్రాంక్ రాబిన్సనే. అంతటి బ్యాటర్ ఉండగా మూడో బేస్ నుంచి ఎవరైనా హోమ్ ప్లేట్‌కి, అంటే చేరితే పరుగు వచ్చే చోటికి, పరిగెత్తుతారా? చీకో రూయిజ్ పరిగెత్తాడు. అది చూసి కంగారుపడిన ఫిల్లీస్ పిచర్ మహాఫీ బంతిని పక్కకు విసిరేశాడు. ఒకటి-సున్నా, ఫిల్లీస్‌కి ఓటమి.

దీంట్లో మేనేజర్ తప్పేమీ లేదు. తర్వాత జరిగిందే ఆయన స్వయంకృతం. ఆ రోజుల్లో స్టార్టింగ్ పిచర్‌కి, అంటే ఆట మొదలుపెట్టే పిచర్‌కి, రెండు ఆటల మధ్య కనీసం మూడు రోజుల విశ్రాంతి ఇచ్చేవారు. మాక్‌కి టెన్షన్ పట్టుకుంది. జిమ్ బన్నింగ్‌ని, క్రిస్ షార్ట్‌ని రెండేసి రోజుల విశ్రాంతితోనే మళ్లీ మళ్లీ దింపాడు. షార్ట్ 22, 25, 28 తేదీల్లో, బన్నింగ్ 24, 27, 30 తేదీల్లో. ఆరూ పోయాయి. మిగతా వాటితో కలిపి వరసగా పది పోయాయి, టైటిల్ సెయింట్ లూయిస్ ఎగరేసుకుపోయింది. పాపం, మిగతా పిచర్లకు భుజం నొప్పులూ మోచేతి నొప్పులూ ఉన్నమాట నిజమే. అయితే అక్టోబర్ 4న, ఆఖరి రోజు, బన్నింగ్ మూడు రోజుల విశ్రాంతి తర్వాత వచ్చి సిన్సినాటీని 10-0తో ఊడ్చిపారేశాడు. నా దృష్టిలో మాక్ మీద ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. 23 ఓడినప్పుడు నిర్దోషి, పది ఓడినప్పుడు దోషి. జట్టుని అగ్రస్థానం దాకా తెచ్చింది కూడా ఆయనే అన్నది మరవకూడదు.

ఆ ఏడు వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్ యాంకీస్‌ని ఏడు మ్యాచ్‌ల్లో ఓడించింది. మర్నాడు, ఒకే రోజు, రెండు వార్తలు. గెలిచిన మేనేజర్ జానీ కీన్ రాజీనామా చేశాడు. ఆగస్టులో జట్టు వెనకబడినప్పుడు తనని తీసేయడానికి యజమాని తెరవెనక మంతనాలు జరిపాడని ఆయన మనసు విరిగిపోయింది. ఇటు సిరీస్ దాకా తెచ్చిన తమ మేనేజర్ యోగి బెర్రాని యాంకీస్ తీసేసింది. తీసేసి ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టారనుకున్నారు? కీన్‌నే. ఈలోగా యాంకీస్ ఆటగాళ్లకు వయసు మీదపడింది, గాయాలు పెరిగాయి. 1966లో మొదటి ఇరవై మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచేసరికి కీన్‌ని కూడా సాగనంపారు. ఆయన్ని తెచ్చిన జనరల్ మేనేజర్ రాల్ఫ్ హౌక్ ఇక లాభం లేదని తనే యూనిఫాం వేసుకుని డగౌట్‌లోకి దిగాడు. ఆ ఏడాది పది జట్ల అమెరికన్ లీగ్‌లో యాంకీస్‌ది పదో స్థానం.